పెర్త్ వెళ్లిపోతున్న ఐరిష్ పెద్దావిడకు కాగితంతో ఏం చేసి ఇవ్వాలి?

లిఫీ_తీరం:
అందరికీ నమస్కారం. నేను డబ్లిన్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దావిడ ఏప్రిల్‌లో ఇల్లు ఖాళీ చేసి ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉన్న కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతున్నారు. ఆవిడ పుట్టి పెరిగింది మేయో కౌంటీలో. నా కాన్పు సమయంలో మా అమ్మ ఇండియా నుంచి రాలేకపోయింది. ఆ రోజుల్లో మా ఇంటికి సూపు, వేడి వేడి సోడా రొట్టె ఆవిడ వంటింటి నుంచే వచ్చేవి. కొన్న వస్తువేదో ఇచ్చి పంపడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

క్విల్లింగ్ (సన్నని కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేయడం), కాగితం కత్తిరింపు నాకు బాగా వచ్చు. చేసేది చూడగానే ఆవిడకు తన నేల గుర్తుకు రావాలి. వెళ్లినచోట అంతా మంచే జరగాలన్న ఆశీస్సు కూడా అందులో ఉండాలి. సూట్‌కేసులో బట్టల మధ్య పట్టేంత పలచగా ఉంటే చాలు. ఆకుపచ్చ టోపీ మరుగుజ్జు బొమ్మలు ఆవిడకు నచ్చవని తెలుసు, వాటిని వదిలేద్దాం. ఇలాంటివి చేసినవారు, ఎవరికైనా ఇచ్చినవారు మీ అనుభవం చెప్పండి.

బోస్టన్_కోడలు:
మా అత్తవారి పూర్వీకులు ఐర్లాండ్ నుంచి వచ్చినవారే. నేను మా అత్తగారికి క్విల్లింగ్‌తో క్లోవర్ అనే గడ్డిమొక్క ఆకు చేసి ఇచ్చాను, ఇప్పటికీ వంటింట్లో గోడ మీద ఉంది. 3 మిల్లీమీటర్ల పట్టీలు తీసుకుని, చుట్టి, కాస్త వదులు చేసి, ఒక కొన నొక్కితే నీటిబొట్టు ఆకారం వస్తుంది. రెండు బొట్లను పక్కపక్కన అంటిస్తే హృదయం ఆకారంలో ఒక ఆకు తయారు. లేతది, ముదురుది రెండు ఆకుపచ్చలు కలిపి చుడితే ఆకులో ఈనెలు ఉన్నట్టు కనిపిస్తుంది. మా వాళ్లకు నాలుగు ఆకులది అంటే చాలా ఇష్టం, అదృష్టం కదా! మీరూ అదే చేయండి.

గాల్వే_గోదావరి:
బోస్టన్ అక్కా, మీ పద్ధతి చక్కగా ఉంది కానీ ఆకుల లెక్క దగ్గర నేను ఒప్పుకోను. నాలుగు ఆకుల క్లోవర్ చాలా దేశాల్లో అదృష్ట చిహ్నం. ఐర్లాండ్‌కు గుర్తు మాత్రం షామ్రాక్ అనే చిన్న క్లోవర్, దానికి మూడే ఆకులు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకటేనని ఐర్లాండ్‌లో క్రైస్తవం బోధించిన సెయింట్ పాట్రిక్ ఈ ఆకు చూపించి బోధించాడని ఇక్కడ బడి పిల్లలందరూ చెబుతారు. పాట్రిక్ 5వ శతాబ్దం వాడైనా ఈ కథ రాతలో కనిపించేది 18వ శతాబ్దంలోనే. అయినా ఇక్కడివాళ్లకు ఆ మూడు ఆకులంటే ప్రాణం. ఆయన పండుగ రోజు మార్చి 17న కోటుకు తాజా షామ్రాక్ గుచ్చుకునే పెద్దలను మా వీధిలోనే చూస్తాను. విదేశాల్లో ఉన్న పిల్లలకు చిన్న డబ్బాలో పెట్టి పోస్టులో పంపేవారు కూడా.

మేయోలో పుట్టిన ఆవిడకు నాలుగు ఆకులది ఇస్తే నవ్వుతూనే తీసుకుంటారు. కానీ అది తన ఊరిది అనుకోరు. షామ్రాక్ చేయదలచుకుంటే మూడు ఆకులతోనే చేయండి.

బోస్టన్_కోడలు:
అర్థమైంది తమ్ముడూ. మా వాళ్లు అమెరికా వచ్చి చాలా తరాలైంది. ఇక్కడ కుండలో బంగారం, ఇంద్రధనుస్సు, నాలుగు ఆకులు అన్నీ ఒకే పండుగలో కలిసిపోయాయి. మా అత్తగారికి అవే తీపి గుర్తులు. లిఫీ గారి పక్కింటావిడకు మూడు ఆకులే సరైనవి.

మేయో_నర్సు:
నేను కాసిల్‌బార్‌లో పనిచేస్తాను, అది మేయోలోనే. షామ్రాక్ కన్నా మీకు బ్రిజిడ్ శిలువ (ఐర్లాండ్ సెయింట్ బ్రిజిడ్ పేరిట గడ్డితో అల్లే శిలువ) బాగా సరిపోతుందని నా గట్టి నమ్మకం. నేను వెళ్లిన ఎన్నో ఇళ్లలో గుమ్మం పైన లోపలివైపు అది కనిపిస్తుంది. ఫిబ్రవరి 1 బ్రిజిడ్ పండుగ. ముందు రోజు సాయంత్రం చిత్తడి నేలల్లో పెరిగే రెల్లు లాంటి గడ్డిని తెచ్చి అల్లుతారు. గడ్డిని కత్తితో కోయకూడదు, చేత్తో లాగాలని పెద్దవాళ్ల పట్టింపు. ఇంటికి నిప్పు నుంచి, రోగం నుంచి రక్షణ అని నమ్మకం. 2023 నుంచి ఈ పండుగకు దేశమంతా సెలవు కూడా ఇస్తున్నారు.

మీ పక్కింటావిడ తరానికి ఇది ఇంకోలా కూడా దగ్గరిది. 1961 డిసెంబరు 31న ఐర్లాండ్‌లో టెలివిజన్ ప్రసారాలు మొదలైనప్పుడు ఆ సంస్థ ఈ శిలువనే గుర్తుగా పెట్టుకుంది. ఆవిడ దాన్ని రోజూ తెర మీద చూసి ఉంటారు.

పండుగ దాటిపోయాక ఏప్రిల్‌లో ఇవ్వడమేమిటని సందేహించకండి. కొత్త ఇంట్లోకి వెళ్లేవారికి ఈ శిలువ ఇవ్వడం ఇక్కడ మామూలే. ఆవిడ వెళ్తున్నదీ కొత్త ఇంటికే.

ఇంకొక మాట. వీలైతే మా ఊరి పక్కన టర్లో పార్కులో ఉన్న జాతీయ మ్యూజియం చూసి రండి, పల్లె జీవితానికి సంబంధించినది. ఒక్కో ప్రాంతం అల్లిక ఒక్కో తీరు. మూడు చేతులవి, నాలుగు చేతులవి, వజ్రాల ఆకారంలో చుట్టినవి ఉంటాయి. నాలుగు చేతులు గాలిమరలా తిరిగినట్టు ఉండేదే అందరికీ తెలిసినది.

లిఫీ_తీరం:
మేయో నర్సు గారూ, మీ మాట మనసుకు పట్టింది. ఆవిడ గుమ్మం పైన అది ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాను! అసలైన గడ్డితోనే చేస్తే మంచిదేమో కదా? కాగితంతో చేస్తే తక్కువగా అనిపిస్తుందా?

సిడ్నీ_శారద:
గడ్డి వద్దు. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు మొక్కలకు సంబంధించిన ఏ వస్తువునైనా, ఎండుగడ్డితో చేసిన అలంకరణనైనా ప్రయాణికుల కార్డులో రాసి అధికారులకు చూపించాలి. పురుగు, విత్తనం ఉన్నట్టు అనుమానం వస్తే తీసేసుకుంటారు. వయసు మళ్లిన మనిషికి అంత ప్రయాణం తర్వాత ఆ వరుసలో నిలబడే శ్రమ ఎందుకు? కాగితమైతే ఆ బాధ లేదు. ఫ్రేము కడితే చెక్కది మాత్రం వద్దు, చెక్క వస్తువులను కూడా అలాగే చూపించాలి. అట్టతో చేసిన లోతు పెట్టె చాలు.

కత్తెరమ్మ:
లిఫీ, కాగితం తక్కువేమీ కాదమ్మా. ఈ శిలువ కాగితంతో ఎంత బాగా వస్తుందో చెబుతాను, నా పిల్లలకు బడిలో నేర్పిన పని ఇది.

పలచని పట్టీలతో అల్లితే చదునుగా, చాపలా వస్తుంది. గడ్డి కళ రావాలంటే గొట్టాలు చుట్టుకోవాలి. ఏ4 కాగితాన్ని పొడవు వైపున 7 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కోయి. సన్నని అల్లిక సూదిని ఒక మూలన ఏటవాలుగా పెట్టి బిగుతుగా చుట్టి, చివర చుక్క జిగురు పెట్టి సూది లాగెయ్యి. దాదాపు 30 సెంటీమీటర్ల గొట్టం వస్తుంది. మామూలు ప్రింటర్ కాగితం (80 జీఎస్ఎం) చాలు, అంతకన్నా మందమైతే మడత దగ్గర పగులుతుంది. అలాంటివి 13 చేసుకో. మడిచే ముందు ప్రతి గొట్టాన్నీ మధ్యలో గోరుతో నొక్కి చదును చెయ్యి, లేకపోతే మడత ఉబ్బి నడుమ చతురస్రం ఒంకర పోతుంది.

ఇక అల్లిక. ఒక గొట్టాన్ని నిలువుగా పట్టుకో. రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకు తగిలించు, కొసలు కుడివైపు ఉండాలి. మొత్తాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు వంతు తిప్పు. ఇప్పుడు రెండోది పైకి చూస్తుంది. మూడోదాన్ని మడిచి దానికి తగిలించి మళ్లీ కుడివైపుకే లాగు. మళ్లీ తిప్పు, మళ్లీ తగిలించు. ఎప్పుడూ పైకి చూస్తున్నవాటన్నిటినీ కలిపి చుట్టాలి, ఎప్పుడూ కుడికే రావాలి. ఎడమ బొటనవేలు నడుమ నుంచి కదలకూడదు, పని అంతా అక్కడే ఉంది. ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ నాలుగు వైపులా మెల్లగా లాగి నడుము బిగించు. చివరి గొట్టాన్ని ముందు చుట్టులోని మడత లోపలికి దూర్చి వెనక చుక్క జిగురు పెట్టు. నాలుగు చేతుల కొసలనూ దారంతో కట్టి సమంగా కత్తిరించు.

జిగురు తెల్లటి పీవీఏ వాడు. వెనక అట్ట ఆమ్లం లేనిది అడిగి తీసుకో, మామూలు అట్ట కొన్నేళ్లకు పసుపెక్కి కాగితాన్ని కూడా మరకలు చేస్తుంది.

గాల్వే_గోదావరి:
దారం ఎరుపుది కట్టండి! ఆకుపచ్చ, ఎరుపు మేయో జట్టు రంగులు. ఫుట్‌బాల్ రోజుల్లో ఆ కౌంటీలో ఇళ్ల ముందు అవే జెండాలు. ఆవిడకు వేరే చెప్పనక్కర్లేదు.

శిలాక్షరం:
పాత లిపుల మీద ఆసక్తితో అడుగుతున్నాను. శిలువ కింద అట్ట మీద ఆవిడ కౌంటీ పేరు ఓగమ్ లిపిలో వేస్తే ఎలా ఉంటుంది? ఐర్లాండ్‌లో 4వ శతాబ్దం నుంచి రాళ్ల అంచుల మీద మనుషుల పేర్లు చెక్కిన లిపి అది. అలాంటి రాళ్లు సుమారు 400 మిగిలాయి, కెర్రీ కౌంటీలో ఎక్కువ. నిలువు గీత ఒకటి ఉంటుంది, దాని మీద గీట్లే అక్షరాలు. కాగితం కత్తిరించేవారికి ఇంతకన్నా అనుకూలమైన లిపి దొరకదు, అన్నీ సన్నని పట్టీలే.

మేయోను ఐరిష్‌లో ఏడు అక్షరాలతో రాస్తారు: ఎం, ఏ, ఐ, జి, హెచ్, తర్వాత కొంచెం ఎడం ఇచ్చి ఇ, ఓ. కింది నుంచి పైకి చదవాలి, కాబట్టి కింద మొదలుపెట్టండి. ఎం అంటే నిలువు గీతను ఏటవాలుగా దాటే ఒక గీటు. జి అలాంటివే రెండు. హెచ్ ఎడమవైపు ఒక గీటు. అచ్చులు గీతను అడ్డంగా దాటే పొట్టి గీట్లు: ఏకు ఒకటి, ఓకు రెండు, ఇకు నాలుగు, ఐకి అయిదు. గీటు గీటుకు మధ్య 3 మిల్లీమీటర్లు, అక్షరానికీ అక్షరానికీ మధ్య దానికి రెట్టింపు వదిలితే కలగాపులగం కాదు.

బోస్టన్_కోడలు:
మూలల్లో కెల్ట్ ముడులు, అంటే ఒకదానిలో ఒకటి అల్లుకున్న గీతల బొమ్మలు, కూడా కత్తిరించి పెట్టవచ్చు కదా, పాత చేతిరాత సువార్తల పుస్తకం కెల్స్ గ్రంథంలో ఉన్నట్టు?

కత్తెరమ్మ:
నా అభిప్రాయం వద్దనే. ఆ గ్రంథం పుటల అందమే కిక్కిరిసి ఉండటంలో ఉంది. 800 ప్రాంతంలో దూడ చర్మం మీద ఓపికగా గీసిన పని అది. దాన్ని మూలలకు అలంకారంగా వాడితే శిలువ చిన్నబోతుంది. ముడులే చేయాలనుకుంటే ఇంకోసారి వాటికోసమే ఒక కార్డు చేద్దాం. ఇక్కడ ఖాళీ చోటు వదిలేయండి.

మేయో_నర్సు:
కత్తెరమ్మ గారి మాటే నాదీ. అన్నట్టు, కాగితం గురించి మీకున్న సంకోచం తీరేలా ఒకటి చెబుతాను. పాట్రిక్ పండుగకు కాగితపు శిలువలు తగిలించుకోవడం ఇక్కడి పిల్లల పాత ఆచారం. మగపిల్లలు చిన్న తెల్లకాగితం ముక్క మీద వృత్తలేఖినితో వృత్తం గీసి, లోపల చాపాలు గీసి, ఆకు పసరు, గుడ్డు పచ్చసొన లాంటివాటితో రంగులు వేసి టోపీకి పెట్టుకునేవారు. ఆడపిల్లలవి రంగు రిబ్బన్లతో. 20వ శతాబ్దం మొదట్లో కూడా ఉండేది. కాగితంతో చేసి ఇవ్వడం ఈ నేలకు కొత్తేమీ కాదు.

మదనపల్లె_మాస్టారు:
మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. అమ్మాయి లిఫీ, లోపల పెట్టే చీటీలో రాయడానికి నీకు మన వైపు నుంచి ఒక సంగతి ఇస్తాను. మేయో పక్కనే రాస్‌కామన్ కౌంటీ. అక్కడి బాయిల్ అనే ఊళ్లో 1878లో మార్గరెట్ కజిన్స్ పుట్టారు. భర్త జేమ్స్ బెల్‌ఫాస్ట్ వారు. ఇద్దరూ మదనపల్లెకు వచ్చారు, ఆయన ఇక్కడి కళాశాలలో పనిచేశారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఇక్కడ బస చేసినప్పుడు జనగణమన పాడి వినిపిస్తే, ఆ బాణీకి స్వరాలు రాసి పెట్టినది ఆ మార్గరెట్ గారే. జేమ్స్ కజిన్స్ చివరి రోజులు కూడా మా ఊళ్లోనే గడిచాయి, 1956లో ఇక్కడే కన్నుమూశారు. వాళ్లు సొంత ఊరు వదిలి ఇంత దూరం వచ్చి మాకు దగ్గరివాళ్లయ్యారు. నువ్వు డబ్లిన్ వెళ్లి ఆవిడకు దగ్గరయ్యావు. రెండు మాటల్లో రాసి పెట్టమ్మా, ఆవిడ సంతోషిస్తారు.

లిఫీ_తీరం:
మాస్టారూ, ఇది నాకు తెలియదు, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. తప్పకుండా రాస్తాను.

అయితే నా నిర్ణయం ఇది: గొట్టాలతో నాలుగు చేతుల శిలువ, ఎరుపు దారం, కింద ఓగమ్‌లో మేయో, 25 సెంటీమీటర్ల చదరపు అట్ట పెట్టె. శిలువ అందులో ఇమిడేలా గొట్టాలు 20 సెంటీమీటర్లకు కత్తిరించుకుంటాను. పెట్టె వెనక లోపలివైపు చీటీ, ఒక మూలన మూడు ఆకుల చిన్న షామ్రాక్. ఒక్క ప్రశ్న మిగిలింది. రంగు పూర్తి ఆకుపచ్చ వాడాలా, ఎండిన గడ్డిలా లేత గోధుమ రంగు వాడాలా?

మేయో_నర్సు:
కోసిన కొత్తలో ఆకుపచ్చ, నెలలు గడిచేకొద్దీ గోధుమ రంగు. రెండూ కలపండి. మొదటి చుట్లు గోధుమ రంగు, చివరి చుట్టు ఆకుపచ్చ. నడుమ ఎండి అంచులు పచ్చగా ఉన్నట్టు కనిపిస్తుంది.

సిడ్నీ_శారద:
ఇక్కడి ఎండకు కాగితం రంగు తొందరగా వెలిసిపోతుంది. కిటికీకి ఎదురుగా వేలాడదీయవద్దని చీటీలో ఒక వాక్యం చేర్చండి.

కత్తెరమ్మ:
ఈ శిలువను ఏటా పండుగకు కొత్తది చేసుకుంటారు కదా. చుట్టిన గొట్టాలు ఇంకో 13, ఎరుపు దారం ఉండ ఒకటి విడిగా కవరులో పెట్టి, అల్లే తీరు బొమ్మ గీసి ఇవ్వు. వచ్చే ఫిబ్రవరికి పెర్త్‌లో మనవలతో కూర్చుని ఆవిడే అల్లుతారు. పని పూర్తయ్యాక ఇక్కడ ఫోటో పెట్టమ్మా.