'వాంపైర్' ఆటకు విమర్శకులు వేసిన 70 మార్కులు న్యాయమైనవేనా?

రాత్రిపాళీ:

2018 జూన్ 5న విడుదలైన 'వాంపైర్' వీడియో గేమ్‌ను ఈ మధ్య రెండోసారి పూర్తి చేశాను. ఆడనివారి కోసం ముందుగా నాలుగు మాటలు చెబుతాను. పారిస్‌లోని డోంట్‌నాడ్ సంస్థ తయారు చేసిన ఈ ఆట 1918 నాటి లండన్‌లో, స్పానిష్ ఫ్లూ జనాన్ని తుడిచిపెడుతున్న రోజుల్లో నడుస్తుంది. కథానాయకుడు జోనాథన్ రీడ్ రక్తం ఎక్కించే విద్యలో పేరు మోసిన వైద్యుడు. యుద్ధరంగం నుంచి తిరిగి వచ్చిన అతను శవాల గుంటలో రక్తపిశాచిగా కళ్లు తెరుస్తాడు. తనను వెతుక్కుంటూ వచ్చిన తోబుట్టువు మేరీనే, ఆకలికి ఒళ్లు తెలియక, చంపుకుంటాడు. అక్కడి నుంచి పగలు పెంబ్రోక్ ఆసుపత్రిలో తలదాచుకుంటూ, రాత్రిళ్లు వైట్‌చాపెల్, డాక్స్, వెస్ట్ ఎండ్ వీధుల్లో తిరుగుతాడు.

ఊళ్లో దాదాపు 60 మంది పౌరులు ఉంటారు. ప్రతి ఒక్కరికీ పేరు, ఇల్లు, బంధుత్వాలు, దాచుకున్న గుట్టు ఉంటాయి. వీరిలో ఎవరి రక్తం తాగినా రీడ్‌కు ఒక్కసారిగా బోలెడన్ని అనుభవ పాయింట్లు వస్తాయి. ఆట దీనికి 'ఎంబ్రేస్' అని పేరు పెట్టింది, అంటే చావుకు కౌగిలి అన్న మాట వాడారు. ఎవరినీ ముట్టకుండా నెగ్గుకురావచ్చు కానీ, అప్పుడు వీధుల్లో ఎదురయ్యే శత్రువుల కన్నా మన లెవెల్ ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

అప్పటి సమీక్షలు చాలావరకు ఒకే పాట పాడాయి: కథ బాగుంది, వాతావరణం బాగుంది, ఒలివియే డెరివియేర్ సంగీతం బాగుంది, పోరాటాలు మాత్రం నాసిగా ఉన్నాయి. సమీక్షల మార్కులను కలిపి చూపే మెటాక్రిటిక్ సైటులో సగటు వందకు 70 దగ్గర ఆగిపోయింది. ఈ తీర్పు ఆటను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా మార్కులు వేసి, ఆ తర్వాత సగటు తీసిందని నా అభ్యంతరం. ఇక్కడ పోరాటం కథకు అతికించిన తోక కాదు, అది తక్కెడలో రెండో పళ్లెం. దయ చూపినవాడికి దారి కష్టం కాకపోతే ఆ దయకు విలువ ఎక్కడిది? ఒకే శత్రువు చేతిలో నాలుగుసార్లు ఓడిపోయాక, కిందటి రాత్రి మనకు కృతజ్ఞతలు చెప్పిన మనిషి మెడ గుర్తుకొస్తుంది. ఆ క్షణం కోసమే ఆటను కట్టారు. దాన్ని లోపంగా లెక్కగట్టడం సరైన విమర్శేనా అన్నది నా ప్రశ్న.

పాతకీబోర్డు:

రాత్రిపాళీ గారు చెప్పినది కాగితం మీద అందంగా ఉంది, కానీ ఆడేటప్పుడు నాకు అలా జరగలేదు. నేను ఒక్కరిని కూడా చంపకుండా ఆటను ముగించాను. అది కష్టమనిపించలేదు, విసుగనిపించింది. ఈ రెండింటికీ తేడా ఉంది. కష్టమంటే శత్రువు నా నుంచి మరింత నేర్పును కోరడం. ఇక్కడ శత్రువు కోరేది నేర్పు కాదు, మరో ఇరవై దెబ్బలు. తప్పుకోవడం, కొట్టడం, స్టామినా నిండే దాకా ఆగడం, వాడు తూలినప్పుడు కొరికి రక్తం నింపుకోవడం, మళ్లీ మొదటికి రావడం. ఈ క్రమం ఐదో గంటలో ఎలా ఉందో ఇరవై ఐదో గంటలోనూ అలాగే ఉంది. నాకు ఏ మెడా గుర్తుకు రాలేదు, గడియారం గుర్తుకొచ్చింది.

పైగా ఊరి ఒక మూల నుంచి మరో మూలకు క్షణంలో చేరే సదుపాయం లేదు. విశ్రాంతి తీసుకుని లేచేసరికి కిందటి రాత్రి ఖాళీ చేసిన సందులోనే మళ్లీ అదే గుంపు నిలబడి ఉంటుంది. పరుగెత్తుతుంటే నడివీధిలో తెర ఆగిపోయి లోడింగ్ గుర్తు తిరుగుతుంది. సమీక్షకులు తాము చూసినదే రాశారు. ప్రలోభం పనిచేయని చోట 'ఇది ప్రలోభం కోసమే' అని మనం వకాల్తా పుచ్చుకోవడం, ఉప్పు ఎక్కువైన కూర గురించి 'సముద్రాన్ని గుర్తు చేయడానికే అలా వండారు' అన్నట్టు ఉంటుంది.

స్టెతస్కోపు:

వృత్తిరీత్యా వైద్యుణ్ణి కనుక నా చూపు వేరే చోట నిలిచింది. ఈ చర్చంతా పోరాటాల చుట్టూ తిరుగుతోంది కానీ, విమర్శకులు 'సంభాషణలు బాగున్నాయి' అన్న ఒక్క ముక్కతో దాటేసిన భాగంలోనే ఆట అసలు క్రూరత్వం ఉందని నా అభిప్రాయం.

ఒక పౌరుడి రక్తం విలువ స్థిరంగా ఉండదు. అతని గురించి మనకు ఎంత ఎక్కువ తెలిస్తే, అతని జబ్బు ఎంత బాగా నయమైతే, ఆ రక్తం అంత చిక్కనవుతుంది. జలుబు, తలనొప్పి, నీరసం వంటివి కనిపెట్టి, దొరికిన దినుసులతో మందు కలిపి మనమే ఇస్తాం. ఇస్తున్న కొద్దీ తెర మీద అంకె పెరుగుతుంది. పండక్కి కోయబోయే పోతును మేపడం మన పల్లెల్లో అందరూ చూసిందే. రోగిని కూర్చోబెట్టి ఓపికగా వివరాలు అడగడం మా చదువులో మొదటి పాఠం. అదే ఓపికను ఈ ఆట మేతగా మార్చేసింది. ఒక ముసలావిడ తన కొడుకు గురించి మనసు విప్పి మాట్లాడుతుంటే, మూలన ఆమె ఖరీదు పెరగడం చూసి నేను ఆట ఆపి కాసేపు బయట తిరిగి వచ్చాను. ఆ రోజు నేను ఒక్క పోరాటం కూడా చేయలేదు.

అయితే వైద్యం చూపించిన తీరు మీద నాకు ఫిర్యాదు ఉంది. 1918లో ఆ స్పానిష్ ఫ్లూ జ్వరానికి వైద్యుల దగ్గర మందు లేదు. దానికి కారణం వైరస్ అని కూడా అప్పటికి తేలలేదు. రక్తం గ్రూపులను లాండ్‌స్టైనర్ 1901లోనే గుర్తించినా, రక్తాన్ని నిల్వ చేసి ఎక్కించడం మొదటి ప్రపంచ యుద్ధ సమయంలోనే మొదలైంది. అంత ఆసక్తికరమైన విద్యలో రీడ్‌ను నిపుణుణ్ణి చేసి, అతని చేత రాత్రంతా సీసాల్లో మందులు కలిపించడం కథకులు పోగొట్టుకున్న అవకాశం. ప్రసంగవశాత్తు ఒక మాట: ఆ జ్వరం ప్రపంచంలోనే ఎక్కువ ప్రాణాలు తీసింది మన దేశంలో. 1911-21 దశాబ్దంలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. లండన్‌ను చూపించినందుకు ఆటను తప్పుపట్టను, కానీ ఖాళీ అయిన వీధులను చూస్తుంటే నాకు గుర్తుకొచ్చింది ఆ జనాభా లెక్కే.

చిల్లరనాణెం:

రాత్రిపాళీ గారికి ఒక్క ప్రశ్న. 2018 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్‌లో తయారీదారులే పోరాటాన్ని తేలిక చేసే 'స్టోరీ మోడ్' ఇచ్చారు. పోరాటం తక్కెడలో రెండో పళ్లెమైతే, ఆ పళ్లేన్ని వాళ్లే ఎందుకు తీసేశారు? నేను ఆ మోడ్‌లోనే ఆడాను, నాకు ఆట ఎంతో నచ్చింది. అంటే విమర్శకులు వేసిన విభజన నిజమనే కదా అర్థం?

రాత్రిపాళీ:

చిల్లరనాణెం గారి ప్రశ్న సూటిగా ఉంది, దాటవేయను. స్టోరీ మోడ్‌లో మీకు నచ్చింది ఒక మంచి నవల. అందులో రీడ్ రక్తం తాగకపోవడానికి కారణం అతని శీలం. నేను ఆడిన దానిలో అది నా శీలం కావాల్సి వచ్చింది. అదే అప్‌డేట్‌లో 'హార్డ్ మోడ్' కూడా వచ్చిందన్న సంగతి మీరు ప్రస్తావించలేదు. అందులో శత్రువులను చంపితే వచ్చే పాయింట్లు తగ్గిపోతాయి, ఎదగాలంటే పౌరుల వైపు చూడక తప్పదు. పళ్లేన్ని ఒక చేత్తో తీసి మరో చేత్తో ఇంకా బరువుగా పెట్టారు. మొదట విడుదలైన రూపం ఈ రెండింటికీ మధ్య ఎటూ కాకుండా ఉందని పాతకీబోర్డు గారు అంటే ఒప్పుకుంటాను. నా రెండో ఆట హార్డ్ మోడ్‌లో సాగింది, ఆయన మొదటి రూపంలో ఆడి ఉంటారు. మేమిద్దరం వేర్వేరు ఆటల గురించి వాదించుకుంటున్నామేమో.

విమర్శకులు తగినంత పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఇందులో ఒకే ఒక్క సేవ్ ఉంటుంది, అదీ ఆటే దానంతటదే చేసుకుంటుంది. చేసిన పనిని వెనక్కి తీసుకోలేం. ఇదే డోంట్‌నాడ్ 2015లో 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' చేసింది. అందులో కాలాన్ని వెనక్కి తిప్పి, మాట మార్చి, ఫలితం చూసి మళ్లీ నిర్ణయించుకునే శక్తి కథానాయికకు ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఆ తలుపునే మూసి తాళం వేశారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తొందరపడి చంపినవాడి శవం ముందు నిలబడటం ఏమిటో తెలుస్తుంది.

పాతకీబోర్డు:

ఒకే సేవ్ అన్నది గొప్ప ఆలోచనే, కానీ నిర్ణయం తీసుకునేవాడికి తాను దేన్ని ఎంచుకుంటున్నాడో కొంతైనా తెలియాలి. ప్రతి పేటకూ మూలస్తంభంలాంటి మనిషి ఒకరు ఉంటారు. వారి విషయంలో మనం చేసే నిర్ణయం మీద పేట మొత్తం నిలబడటమో కూలడమో జరుగుతుంది. డాక్స్‌లో ఇల్లూవాకిలీ లేనివారికి ఆశ్రయమిచ్చే షాన్ హాంప్టన్‌ను ఏమీ చేయకుండా వదిలేయడమే దయ అనుకుంటాం. ఆ దయే పేటకు చేటు తెస్తుంది. జీవితంలో కూడా అలా జరుగుతుందని మీరు అనవచ్చు. కానీ జీవితంలో మనకు మూడే మూడు బొత్తాలు, ఒక్కోదాని మీద ఒక్కో మాట ఉండవు. ఆ మాటకు అర్థమేమిటో తెలియకుండా నొక్కమన్నాక, తప్పు నాదని నాకు ఎందుకు అనిపించాలి?

దీనికన్నా పెద్ద లోపం చివర్లో ఉంది. ముగింపులు ప్రధానంగా ఎందరిని చంపామన్న లెక్క మీదే ఆధారపడతాయి, ఎవరిని చంపామన్న దాని మీద కాదు. అదే డాక్స్‌లో సీమోర్ ఫిష్‌బర్న్ అనే హంతకుడు ఉన్నాడు, వాడి తల్లికి ఆ సంగతి తెలుసు. వాడిని చంపినా, ఏ పాపం ఎరుగని నర్సును చంపినా పద్దులో ఒక్కటిగానే పడుతుంది. 60 మందికి అంత శ్రద్ధగా కథలు రాసినవాళ్లు, తీర్పు దగ్గరకు వచ్చేసరికి తలలు లెక్కపెట్టి ఊరుకున్నారు.

కృష్ణాతీరం:

మార్కుల గురించి మొదలైన చర్చ కనుక ఒక పాత కేసును ముందుంచుతాను. 2004 నవంబరు 16న ట్రోయికా గేమ్స్ చేసిన 'వాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్' విడుదలైంది. సరిగ్గా అదే రోజున 'హాఫ్-లైఫ్ 2' వచ్చి దాన్ని కప్పేసింది. రచన అద్భుతమనీ, బగ్గులు భరించలేమనీ అప్పటి సమీక్షలు అన్నాయి. కొద్ది నెలల్లోనే, 2005 ఫిబ్రవరిలో, ట్రోయికా మూతపడింది. ఆ తర్వాత అభిమానులే ఏళ్ల తరబడి ప్యాచ్‌లు చేస్తూ ఆ ఆటను బతికించారు. నేడు కథాప్రధానమైన ఆటల గురించి ఎవరు మాట్లాడినా దాని పేరు రాకుండా ఉండదు.

దీన్ని బట్టి విమర్శకులు పొరబడ్డారనే వాదన తరచూ వింటాను. నేను ఒప్పుకోను. ఆ ఆట చివరి మూడో వంతులో మాటలు పక్కకు పోయి, ఎడతెగని పోరాటాలు వస్తాయి. మాటకారితనం మీద పాయింట్లన్నీ పెట్టినవాళ్లు అక్కడ చిక్కుకుపోతారు. ఆ లోపాన్ని అప్పుడే చెప్పారు, అది ఇప్పటికీ అలాగే ఉంది. ఇరవై ఏళ్లలో మారినది మనం దేన్ని క్షమిస్తామన్నదే. 'వాంపైర్' విషయంలోనూ 2020 తర్వాత ఆడినవారి మాటల్లో తేడా కనిపిస్తుంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న జనం, తలుపుల మీద గుర్తులు, మంచాలు చాలని ఆసుపత్రి 2018లో అలంకారంగా కనిపించాయి. ఆ తర్వాత అవి అలంకారం కాలేదు. విడుదల నాటి సమీక్షకుడికి ఆ అనుభవం లేదు కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. కొనేవారు కూడా ఆ 70ని అంతగా లెక్కచేయలేదు: 2019లోనే 10 లక్షల ప్రతులు దాటాయి.

స్టెతస్కోపు:

పాతకీబోర్డు గారు లోపమన్న తలల లెక్క నాకు ఆటలోని అత్యంత నిజాయితీగల భాగంగా తోచింది. రీడ్ న్యాయమూర్తి కాదు, వైద్యుడు. మా బల్ల మీదకు వచ్చినవాడు హంతకుడైనా రోగే. సీమోర్‌ను చంపడం న్యాయమని ఆట ఒప్పుకుంటే, ప్రతి ఆటగాడూ తనకు నచ్చని నలుగురిని ఏరుకుని, వాళ్లను చంపి బలం పెంచుకుని, చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాడు. పద్దులో ఒక్కటిగానే పడటం వల్ల ఆ సాకు దొరకదు. నేను సీమోర్‌ను వదిలేశాను. వదిలేసినందుకు ఈనాటికీ స్థిమితంగా లేదు, కానీ అది ఆట చేయాల్సిన పనే.

పాతకీబోర్డు:

ఈ వాదన నన్ను కదిలించింది, అబద్ధం చెప్పను. అయితే దాన్నే పట్టుకుని ఒకటి అడుగుతాను. రీడ్ వైద్యుడు, ప్రతి తలా సమానమే అన్నారు. మరి వీధుల్లో అతను చంపే ప్రివెన్ దళం మనుషుల మాటేమిటి? వాళ్లు రాక్షసులు కారు, ఊరిని రక్తపిశాచుల నుంచి కాపాడుతున్నామని నమ్మి కాపలా కాసే మామూలు మనుషులు. ఒక్కరిని కూడా చంపకుండా ముగించానని నేను మొదట్లో రాశాను కదా, ఆ ముప్పై గంటల్లో అలాంటివాళ్లను వందల మందిని నరికాను. వాళ్ల మెడలు కొరికాను కూడా. ఆట నన్ను పునీతుడిగా లెక్కించి మంచి ముగింపు ఇచ్చింది. పేరు ఉన్నవాడి ప్రాణం ప్రాణం, పేరు లేనివాడి ప్రాణం పాయింట్లా?

రాత్రిపాళీ:

దీనికి నా దగ్గర జవాబు లేదు. తక్కెడ అని నేనే అన్నాను, ఆ తక్కెడలో సగం సరుకు తూచకుండానే పోయిందని పాతకీబోర్డు గారు చూపించారు. పోరాటం నాసిగా ఉందన్న సమీక్షకుల మాట మీద నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ వాళ్లు అనాల్సింది ఇదీ అని ఎవరైనా అడిగితే, పోరాటంలో చచ్చేవాళ్లను కథ చూడటం లేదని అంటాను. ఈ విషయాన్ని అప్పుడే ఎత్తి చూపిన సమీక్షలు కొన్ని ఉన్నాయి. నేనే వాటిని 'మళ్లీ పోరాటం మీద సణుగుడు' అనుకుని పక్కన పెట్టేశాను.

ప్రివెన్ దళాన్ని వీలైనంతవరకు తప్పించుకుంటూ, బాస్‌లతో తప్ప పోరాడకుండా హార్డ్ మోడ్‌లో ఎంతదూరం వెళ్లవచ్చో చూడాలని ఉంది. వైట్‌చాపెల్‌లో మిద్దెల మీదుగా, నీడలోకి మాయమయ్యే విద్యతో కొంతవరకు కుదిరింది. వెస్ట్ ఎండ్ గేట్ల దగ్గర మాత్రం ప్రతిసారీ దొరికిపోతున్నాను. ఎవరైనా ఆ దారి దాటి ఉంటే ఏ లెవెల్లో, ఏ శక్తులతో దాటారో ఇక్కడే రాయండి.