నిజాం ఇచ్చిన తియారాను విప్పేయడం తప్పా, ఒప్పా?

గోల్కొండ_గాలి:
1947 నవంబరు 20న ఎలిజబెత్ యువరాణి పెళ్లి జరిగినప్పుడు మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లండన్ కార్టియర్ దుకాణానికి కబురు పెట్టి, అమ్మాయికి ఏది నచ్చితే అది ఇవ్వమన్నాడు. ఆమె ఒక వజ్రాల హారం, ఒక పూల తియారా (ఆడవాళ్లు తలమీద పెట్టుకునే కిరీటం లాంటి నగ) ఎంచుకుంది. తియారాలో మూడు గులాబీలు ఉండేవి, వాటిని ఊడదీసి బ్రోచ్‌లుగా పెట్టుకోవచ్చు. 1973లో, అప్పటికి రాణి అయిన ఎలిజబెత్ ఆ తియారాను లండన్ నగల కంపెనీ గారార్డ్ వాళ్లకు ఇచ్చి విప్పించేశారు. ఆ వజ్రాలతో బర్మా కెంపుల తియారా తయారైంది. హారం ఉంది, గులాబీలు ఉన్నాయి, తియారా మాత్రం పాత ఫోటోల్లో తప్ప ఎక్కడా లేదు.

నా లెక్కలో ఇది తప్పు. నిజాం చనిపోయింది 1967లో. ఆరేళ్లకే ఆయన కానుకను చెరిపించారు. అప్పటికి హైదరాబాద్ సంస్థానమే లేదు. లేని రాజ్యం గుర్తుగా ఆ ఇంట్లో ఉన్న వస్తువును ముక్కలు చేసే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించాలి కదా? డబ్బు లేక అమ్ముకున్నారంటే అర్థం చేసుకోవచ్చు, ఆ ఇంటికి ఆ ఇబ్బంది లేదు. మీరేమంటారు?

మజూరీ_తరుగు:
మాది మూడు తరాల నగల పని అండీ, నేను సూటిగా చెబుతాను. నగలున్న ఏ ఇంట్లోనైనా చెరిపించడం మామూలే, రాజుల ఇళ్లలో మరీ ఎక్కువ. మీరు చెప్పిన ఆ పెళ్లినాడే చూడండి. ఎలిజబెత్ తల మీద పెట్టుకున్నది నిజాం తియారా కాదు, నాయనమ్మ మేరీ రాణిది. అది ఎలా వచ్చింది? 1893లో మేరీ పెళ్లికి విక్టోరియా రాణి ఇచ్చిన వజ్రాల నగను 1919లో విప్పించి, ఆ రాళ్లతోనే చేయించారు. విక్టోరియా ఇచ్చిన కానుకకే దిక్కు లేదు, నిజాం కానుకకు మినహాయింపు ఎందుకు ఉంటుంది?

ఇంకో సంగతి. పెళ్లి ఉదయం అలంకారం చేస్తుండగా ఆ తియారా చట్రం ఫట్‌మని విరిగింది. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి. నగల మనిషిని పోలీసు కాపలాతో వర్క్‌షాపుకు పంపి, అతికించి తెప్పించారు. పెళ్లి ఫోటోల్లో జాగ్రత్తగా చూస్తే నడిమి కడ్డీ పక్కన సందు కనిపిస్తుంది. తియారా అంటేనే అంత సున్నితమైన వస్తువు. చాలావాటికి వెనక చిన్న స్క్రూలు ఉంటాయి, చట్రం నుంచి తీసి హారంగా వేసుకునేలా చేస్తారు. మార్చుకోవడానికి వీలుగా పుట్టిన నగను మారిస్తే నేరమా?

పాలమూరు_పిల్లోడు:
అసలు ప్రశ్నే పక్కదారి పట్టింది. విప్పారా లేదా అన్నది తర్వాత, అది ఎవరి సొమ్ము? ఆ పెళ్లి నవంబరు 20. నవంబరు 29న నిజాం ఢిల్లీతో యథాతథ ఒప్పందం (అప్పటికి ఉన్న ఏర్పాట్లు తాత్కాలికంగా అలాగే సాగాలన్నది) మీద సంతకం పెట్టాడు. అంటే హైదరాబాద్ స్వతంత్రంగా ఉంటుందా, యూనియన్‌లో కలుస్తుందా అని కొట్టుమిట్టాడుతున్న వారాల్లో లండన్‌కు వజ్రాలు వెళ్లాయి. అదే సమయంలో నల్గొండ, వరంగల్ పల్లెల్లో రైతులు దొరల మీద సాయుధ పోరాటంలో ఉన్నారు. సర్ఫ్-ఎ-ఖాస్ అని రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి నిజాం సొంత ఖాతాలో ఉండేది, ఆ శిస్తు నేరుగా ఆయన చేతికే. మా తాతల చెమటతో కొన్న తియారా అది. దాన్ని విప్పినందుకు నాకు బాధ లేదు, కొన్నందుకు ఉంది.

గోల్కొండ_గాలి:
పాలమూరు బ్రదర్, మీ కోపం న్యాయమైనదే. కానీ మీ మాట నా వైపే వస్తుంది. అది మన రైతుల శిస్తుతో కొన్నదే అయితే, దాన్ని చెరిపేసినప్పుడు ఆ శిస్తుకు ఉన్న ఒక సాక్ష్యం కూడా పోయినట్టే.

మజూరీ గారూ, విక్టోరియా ఇచ్చింది మనవడి భార్యకు. ఇంట్లో వాళ్లు ఇంట్లో వాళ్లకు ఇచ్చింది, తర్వాత ఇంట్లోనే మార్చుకున్నారు. పరాయి రాజ్యం ఇచ్చిన కానుక వేరు.

లండన్_లక్ష్మి:
నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో చాలాకాలంగా ఉంటున్నాను, నగల ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టినా వదలను. గోల్కొండ గారూ, ఒక్క వైపే చూస్తున్నారు. బర్మా ప్రజలు కూడా అదే పెళ్లికి 96 కెంపులు ఇచ్చారు. మనిషి ఒంటికి వచ్చే 96 రోగాల నుంచి ఒక్కో కెంపు కాపాడుతుందని వాళ్ల నమ్మకం. 1973లో ఆ కెంపుల్నీ ఈ వజ్రాల్నీ కలిపి గులాబీల వరసగా కట్టించారు. రాణిగారు ఆ తియారా ఎన్నో విందుల్లో పెట్టుకున్నారు. ఒక కానుకను చెరిపించి ఇంకో కానుకకు ప్రాణం పోశారు, దాన్ని అగౌరవం అని నేను అనలేను.

హారం సంగతి చూడండి, అది హారంగానే నిలిచింది. 2014లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ విందుకు రాణిగారి మనవడు విలియం భార్య కేట్ వేసుకుంటే ప్రపంచమంతా నిజాం పేరు మళ్లీ చదివింది. నగ ఆడవాళ్ల మెడలో, తలమీద ఉంటేనే బతుకుతుంది. ఏ నగ బాగా పెట్టుకోవచ్చో, ఏది పెట్టుకోలేమో పెట్టుకునే మనిషికే తెలుసు.

గోల్కొండ_గాలి:
లక్ష్మి గారూ, మీరే అన్నారు, హారం వల్ల నిజాం పేరు మళ్లీ చదివారని. మరి ఆ తియారా పేరు చూడండి. అందరూ బర్మా కెంపుల తియారా అంటారు. దాని ఒళ్లంతా హైదరాబాద్ ఇచ్చిన వజ్రాలే, పేరులో మాత్రం హైదరాబాద్ లేదు. నా బాధంతా అక్కడే.

కాసుల_పేరు:
మా అమ్మమ్మ కాసుల పేరు ఆవిడ పోయాక కూతుళ్ల మధ్య పంచారు. నలుగురూ కాసులు లెక్కపెట్టుకుని సమానంగా తీసుకున్నారు. ఒకావిడ గాజులు చేయించుకుంది, ఒకావిడ బ్యాంకులో పెట్టింది, మా అమ్మ తన వాటా కాసులను నల్లపూసల్లో గుచ్చుకుంది. న్యాయంగానే పంచారు, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. కానీ ఇప్పుడు నా కూతురికి చూపిద్దామంటే అమ్మమ్మ కాసుల పేరు అన్నది లేదు. అందుకని నేను గోల్కొండ గారి వైపు. పంచుకోవాల్సిన అవసరం ఉన్న మా ఇంట్లోనే ఇంత వెలితి ఉంటే, పంచుకునే అవసరమే లేని ఆ ఇంట్లో ఎందుకు విప్పాలి? ఒకటి వాడకపోతే పక్కన పెట్టుకోవడానికి వాళ్లకు చోటు లేకనా?

మజూరీ_తరుగు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. అయితే నగల్లో రెండు రకాలున్నాయి, ఆ తేడా ఎవరూ చెప్పడం లేదు.

నిజాం ఖజానాలోని సర్పేచ్‌లు (తలపాగా మీద పెట్టుకునే నగలు), కంఠాభరణాలు ఎక్కువగా కుందన్ పని. బంగారు రేకుతో గుల్లగా గూడు కట్టి, లోపల లక్క నింపి, రాయి కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారపు పొరను అదిమి బిగిస్తారు. వెనక వైపు మీనాకారి అనే రంగుల ఎనామిల్ పని, ఒంటికి ఆనుకునే వైపున ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పూలు, పిట్టలు. దాన్ని విప్పితే లక్క కారిపోతుంది, మీనా పగులుతుంది, పనితనం అంతా బూడిదే. అలాంటి నగను చెరపమని ఎవరైనా తెస్తే మా నాన్న చేతుల్లోకి కూడా తీసుకునేవాడు కాదు. ఈ తియారా అలాంటిది కాదు. లండన్ కార్టియర్ వాళ్ల సరుకు, కొక్కేల పని. కొక్కెం ఎత్తితే రాయి చెక్కుచెదరకుండా బయటికొస్తుంది, ఇంకో చోట కూర్చుంటుంది. అందులో హైదరాబాద్ పనివాడి చెయ్యి ఎక్కడుంది? పేరుకే నిజాం తియారా. అది పోయిందని ఏడ్చేవాళ్లు ముందు మన దక్కనీ పని నేర్చుకునే కుర్రాళ్లు ఎంతమంది మిగిలారో కనుక్కోండి.

చట్టం_చదివినోడు:
మజూరీ గారు ఖజానా మాట ఎత్తారు కాబట్టి దాని కథ కూడా చెప్పుకోవాలి. నిజాం 1951, 52ల్లో రెండు ట్రస్టులు పెట్టి ముఖ్యమైన నగలన్నీ వాటికి రాసేశాడు. తనూ పెద్ద కొడుకూ పోయాకే అమ్మాలి అన్నది షరతు. విప్పడానికి, పంచడానికి వీల్లేకుండా కట్టేసిన ఏర్పాటు అది. పెద్ద కొడుకు ఆజం జా 1970లో పోయారు, అమ్మకం మొదలైంది, విదేశాలకు పోతాయన్న భయంతో ప్రభుత్వం అడ్డుపడింది, కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. చివరికి 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు 173 నగలు కొనేసింది. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం అందులోదే. 465 బస్రా ముత్యాల ఏడు వరసల సత్లడా కూడా.

ఇప్పుడు అవన్నీ రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, 2006లో పెట్టారు, 2019లో ఢిల్లీలో చూపించారు. లండన్‌లో విప్పిన వజ్రాలను కెంపుల మధ్య అయినా జనం చూశారు. మనం ఒక్క రాయి కూడా విప్పలేదు, ఒక్క ముత్యం తెంపలేదు, కానీ ఇప్పుడు పదేళ్ల వయసున్న హైదరాబాద్ పిల్లలెవరూ వాటిని తమ ఊళ్లో చూడలేదు. వీటిలో ఏది మెరుగు? నా ఓటు మాత్రం, చెక్కుచెదరకుండా ఉంచి, అందరికీ చూపించే మూడో దారికి.

కాపలా_కన్ను:
చూపించమనడం తేలిక. 2025 అక్టోబరు 19న పారిస్ లూవ్ర్ మ్యూజియంలో పట్టపగలు ఏం జరిగిందో చూశాం కదా. ఎనిమిది రాజవంశ నగలు పోయాయి, ఫ్రెంచి మహారాణి యూజెనీ కిరీటాన్ని దొంగలు పారిపోతూ పడేస్తే నలిగిపోయి దొరికింది. పోయినవాటిలో ఆమె రొమ్ముమీద పెట్టుకునే వజ్రాల ముడి ఒకటి. దాని చరిత్ర వింటే కడుపు తరుక్కుపోతుంది. 1887లో ఫ్రెంచి రిపబ్లిక్ రాజుల నగలన్నీ వేలం వేసినప్పుడు అమ్ముడుపోయింది, 2008లో లూవ్ర్ 60 లక్షల యూరోలకు పైగా పెట్టి తిరిగి కొనుక్కుంది, 2025లో పోయింది. దొంగలు నగను నగగా అమ్మలేరు, ఎవరైనా గుర్తుపట్టేస్తారు. అందుకే రాళ్లు విడదీసి, మళ్లీ సానబట్టి అమ్ముతారేమో అని అందరి భయం. గోల్కొండ గారూ, 1973లో విప్పింది రాణి కాబట్టి రాళ్లు ఎక్కడున్నాయో అయినా తెలుసు.

లండన్_లక్ష్మి:
స్వీడన్ వాళ్ల దగ్గర ఒక తియారా ఉంది, ఈ చర్చకు అది చాలా అవసరం. నెపోలియన్ భార్య జోసెఫీన్ ఇంటి నుంచి వచ్చింది, ఆమె మనవరాలు 1823లో స్వీడన్ యువరాజును పెళ్లాడాక ఆ దేశం చేరింది. బంగారం, ముత్యాలు, వాటి మధ్య గవ్వల్లో చెక్కిన బొమ్మలు. 1976లో సిల్వియా, 2010లో ఆమె కూతురు విక్టోరియా దాన్నే పెట్టుకుని పెళ్లి చేసుకున్నారు. రెండు వందల ఏళ్లుగా ఎవరూ విప్పలేదు. ఎందుకంటే అందులో పెద్ద వజ్రాలు లేవు, విప్పితే ఏమీ రాదు. నిజాం తియారాకు వజ్రాలే శత్రువులయ్యాయి. రాణిగారి మనసులో అగౌరవం ఉందని నేను ఇప్పటికీ అనుకోను, ఆ రాళ్లకున్న గిరాకీయే దాన్ని నిలవనివ్వలేదు.

జిల్లా_కలెక్షన్:
మరి కోహినూర్ గురించి ఎవరూ మాట్లాడరేం? అది కూడా మన కొల్లూరు గనిదే అంటారు.

గోల్కొండ_గాలి:
అది వేరే చర్చ అండీ. 1849లో లాహోర్ ఒప్పందం పేరుతో పదేళ్ల దులీప్ సింగ్ దగ్గర లాక్కున్నారు. ఇక్కడిది ఇష్టపడి ఇచ్చిన కానుక, రెండూ కలిపితే దేనికీ సమాధానం దొరకదు. కానీ ఒక్క పోలిక నిజం. కోహినూర్‌ను కూడా 1852లో లండన్‌లో మళ్లీ సానబట్టి 186 క్యారెట్ల రాయిని 105.6కు తెచ్చారు, మెరుపు చాలలేదని. చేతికొచ్చినదాన్ని తమకు నచ్చినట్టు దిద్దుకోవడం ఆ ఇంటి అలవాటు.

మజూరీ గారి కుందన్ మాట నాకు బాగా నచ్చింది, అయినా నా మాట వెనక్కి తీసుకోను. కార్టియర్ పనివాడి పని కూడా పనే. ఆ ఆకులు, రెమ్మలు ఒకరు కూర్చుని గీసి, కోసి, అతికినవే. కొక్కేలు ఎత్తాక ఆ చట్రం ఏమైందో ఎవరు పట్టించుకున్నారు? మన దగ్గర చేసింది కాదు కాబట్టి పోయినా పర్వాలేదంటే, రేపు మన పనిని వాళ్లూ అదే మాట అంటారు.

మజూరీ_తరుగు:
సరే, అంత దూరం ఒప్పుకుంటాను. మా కొట్లో ఒక పద్ధతి ఉంది, పాత నగ చెరపడానికి వస్తే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, తూకం రాసి, ఒక కాపీ ఇంటివాళ్లకు ఇస్తాం. చాలామంది ఆ ఫోటోలు చూశాక మనసు మార్చుకుని నగ తీసుకుని వెళ్లిపోతారు, మాకు మజూరీ పోతుంది, అయినా మానలేదు. తియారా విషయంలో మాత్రం నా తీర్పు మారదు, పెట్టుకునే మనిషిదే హక్కు.

గోల్కొండ_గాలి:
అయితే నా కోరిక ఇది. నిజాం నగలు మళ్లీ హైదరాబాద్‌కు ప్రదర్శనకు వచ్చినప్పుడు ఆ తియారా పాత ఫోటో ఒకటి పెద్దది చేసి గోడకు పెట్టాలి, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు విప్పారు అని తేదీలతో సహా.

పాలమూరు_పిల్లోడు:
పెట్టండి, నేనూ వచ్చి చూస్తాను. కానీ దాని పక్కనే 1947 సర్ఫ్-ఎ-ఖాస్ శిస్తు లెక్కలు కూడా అంతే పెద్దగా పెట్టాలి.