పీజీ డాక్టర్లకు థీసిస్ తప్పనిసరిగా ఉండాలా?

సీనియర్ రెసిడెంట్:
ఎండీ, ఎంఎస్ ఫైనల్ పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ ఇవ్వాలి. అది ఆమోదం పొందితేనే పరీక్ష. ఓపీ, వార్డు, క్యాజువాలిటీ, నైట్ డ్యూటీలు పోను దానికి మిగిలే టైమ్ ఎంత? అందుకే యాభై కేసుల్లో ఇరవై చూసి, మిగతావి హాస్టల్ గదిలో నింపేవాళ్లున్నారు. అందరికీ తెలిసిన సంగతే. ఇష్టమున్నవాళ్లకే థీసిస్ పెడితే పోలా?

మెడిసిన్ గైడ్:
డ్యూటీల భారం నిజమే బాబూ. అయినా ముప్పై మంది లేని రోగులను పుట్టించడాన్ని టైమ్ లేకపోవడం ఖాతాలో వేయకు. ఇరవై కేసులే దొరికితే ఇరవైతోనే రాయి.

సీనియర్ రెసిడెంట్:
సినాప్సిస్‌లో, అంటే ముందుగా ఇచ్చే థీసిస్ ప్రణాళికలో, యాభై అని రాసి, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దాటించుకుని, చివర్లో ఇరవైతో వస్తే మీరు సంతకం పెడతారా మేడమ్?

లెక్కల మాస్టారు:
థీసిస్‌ల గణాంకాలు చూడటం నా పని. మర్క్యురీ మిషన్‌తో బీపీ చూశామని రాస్తారు. రోగులందరి వివరాలుండే మాస్టర్ చార్ట్ తెరిస్తే 127, 133, 141! ఆ మిషన్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి. చూసి రాస్తే సరిసంఖ్యలే రావాలి, చాలామందైతే పక్కనున్న సున్నాకి సర్దేస్తారు. బేసి సంఖ్యలు వరసకట్టాయంటే ఆ చార్ట్ వార్డులో పుట్టింది కాదు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ వాక్యాలనే పోలుస్తుంది, అంకెల జోలికి పోదు. పోలిక పది శాతం లోపే అన్న సర్టిఫికెట్ జతచేసి మనం సంబరపడతాం.

మత్తు డాక్టర్:
ఎవరూ చదవని థీసిస్సే కదా అనుకోవద్దు. అది పేపర్‌గా అచ్చయితే ఇంకొకరి లెక్కలో కలుస్తుంది. జర్మనీలో యోఆఖిమ్ బోల్ట్ అనే మత్తు డాక్టర్ పరిశోధనల్లో మోసం బయటపడి, ఆయన పేపర్లు రెండు వందలకు పైగా జర్నల్స్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఐసీయూ రోగులకు ఎక్కించే స్టార్చ్ ద్రవాల మీద జరిగిన ట్రయల్స్‌ను (రోగులపై చేసే పరీక్షలను) 2013లో వేరే పరిశోధకులు కలిపి చూశారు. బోల్ట్‌వి ఏడు ట్రయల్స్ తీసేసి లెక్కగడితే, ఆ ద్రవాలు ఎక్కించినవాళ్లలో మరణాలు ఎక్కువని తేలింది. ఆయన ట్రయల్స్ కలిపి చూస్తే ఆ తేడా కనపడలేదు.

సీనియర్ రెసిడెంట్:
ఒప్పుకుంటాను సార్. అయితే సంతకానికి ముందు గైడ్లు ఏవో ఐదు ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు ఎంచి, రికార్డ్ రూమ్ నుంచి ఆ కేస్ షీట్లు తెప్పించుకోవాలి. మూడేళ్లలో ఒక్కసారీ చార్ట్ అడగకుండా సంతకం పెట్టేవాళ్ల మాటేమిటి?

మెడిసిన్ గైడ్:
ఐదు కాదు, పది అడుగుతాను. కేసులు తక్కువైతే సగంలోనే వచ్చి చెప్పు, కమిటీకి సవరణ లేఖ నేనే రాస్తాను. కేస్ షీట్లు వెతికే పని మాత్రం నీదే, మా రికార్డ్ రూమ్ సంగతి నీకు తెలుసుగా.