బేస్‌మెంట్‌లో గోల్ఫ్ సిమ్యులేటర్: 8 అడుగుల 9 అంగుళాల సీలింగ్ కింద కుదురుతుందా?

రఫ్‌లో_బంతి:

నమస్తే అందరికీ. రెండు నెలలుగా ఇదే ధ్యాస, ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు అందరూ లేచి వెళ్ళిపోతున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. బేస్‌మెంట్‌లో ఒక గది ఖాళీగా ఉంది, అందులో గోల్ఫ్ సిమ్యులేటర్ (బంతిని తెర మీదకి కొడితే అది నిజం కోర్స్‌లో ఎగిరినట్టు చూపించే ఏర్పాటు) పెట్టాలని. పొడవు 18 అడుగులు, వెడల్పు 11న్నర, సీలింగ్ ఎత్తు 8 అడుగుల 9 అంగుళాలు. ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ ఒక పక్క గోడ పొడవునా గాలి డక్ట్ వెళ్తోంది, దాని కింద ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలే, గోడ నుంచి రెండు అడుగులు ముందుకు వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, కుడిచేతి ఆట. మా అబ్బాయికి 12 ఏళ్ళు, వాడిది ఎడమచేతివాటం. ఇద్దరం ఆడుకునేలా ఉండాలి, లేకపోతే గది నాకు దక్కదు.

కొట్టిన బంతి వేగం, దిశ కొలిచే లాంచ్ మానిటర్ ఏది తీసుకోవాలో చూస్తుంటే తల తిరుగుతోంది, ఒకడు రాడార్ అంటాడు, ఒకడు కెమెరా అంటాడు, ఇంకొకడు సీలింగ్‌కి బిగించేదే కొనమంటాడు. అసలు ఈ గదిలో డ్రైవర్, అంటే బాగా పొడవైన క్లబ్, తిప్పగలనా? ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలి? లేదా ఇవన్నీ మానేసి ఒక నెట్ కట్టుకుని ఊరుకోమంటారా?

సుత్తీ_మేకు:

ముందు ఒక మాట, లాంచ్ మానిటర్ సంగతి పక్కన పెట్టండి. ఏదీ ఆర్డర్ చెయ్యకండి. సీలింగ్ లెక్క తేలకుండా ఏం కొన్నా దండగే. 9 అడుగులు ఉండాలి, 10 ఉంటే హాయి అని అందరూ చెప్తారు, అది తప్పు కాదు కానీ ఆ అంకె మీ గురించి ఏమీ చెప్పదు. ఆరడుగుల మనిషి చదునుగా తిప్పితే 8న్నర అడుగుల కింద బయటపడతాడు, అయిదున్నర అడుగుల మనిషి నిటారుగా తిప్పి సీలింగ్‌కి గంటు పెడతాడు. క్లబ్ పొడవు, చేతుల పొడవు, స్వింగ్ వాలు, మూడూ కలిస్తేనే లెక్క. డ్రైవర్ 45 అంగుళాల పైచిలుకు ఉంటుంది, దాని తర్వాతి క్లబ్ 3-వుడ్ 43 దగ్గర, ఆ రెండు అంగుళాల తేడాయే కొంపల్ని నిలబెట్టడం నేను చూశాను.

నేను చేసింది చెప్తాను. పాత న్యూస్‌పేపర్‌ని సన్నటి పట్టీలుగా చింపి సీలింగ్‌కి టేప్‌తో వేలాడదీశాను, ఒక వరస 6 అంగుళాలు, ఒక వరస 4, ఒక వరస 2. బంతి పెట్టాలనుకున్న చోటుకి పైన మాత్రమే కాదు, వెనక్కి రెండడుగులు, ముందుకి రెండడుగులు కూడా. తర్వాత క్లబ్ హెడ్‌కి పాత సాక్స్ తొడిగి మెల్లగా తిప్పాను, ఆ తర్వాత సగం వేగం, ఆ తర్వాత పూర్తి వేగం. ఏ పట్టీ కదిలిందో పక్కన ఒకరు చూడాలి, లేదా ఫోన్‌లో స్లో మోషన్ తియ్యాలి. క్లబ్ వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో బాగానే ఉండి, బంతిని కొట్టాక క్లబ్ పైకి లేచే ఫాలో త్రూలో తగిలేవాళ్ళు చాలామంది, అది మర్చిపోవద్దు.

ఇంకోటి, తగలకపోతే చాలు అనుకోకండి. అంగుళం సందు మిగిలినా క్లబ్ తగలదు, నిజమే, కానీ మీ బుర్రకి ఆ సీలింగ్ కనిపిస్తూనే ఉంటుంది. తెలియకుండానే స్వింగ్ కుదించేస్తారు, మోకాళ్ళు వంచేస్తారు, ఆర్నెల్ల తర్వాత అసలు కోర్స్‌కి వెళ్తే అదే కుంచించుకుపోయిన స్వింగ్. బెత్తెడు సందు ఉంటే ఫరవాలేదు, జానెడు ఉంటే నిశ్చింత.

మూడు_పుట్ల_ముత్యం:

సుత్తీ గారు చెప్పింది చేశాక నా పోస్ట్ చదవండి.

18 అడుగుల పొడవుని ఇలా ఖర్చు పెట్టాలి. స్క్రీన్ వెనక గోడకి ఒక అడుగు ఖాళీ, ఎందుకంటే బంతి తగిలినప్పుడు స్క్రీన్ వెనక్కి సాగుతుంది, సాగే చోటు లేకపోతే గోడకి కొట్టినట్టే. బంతి నుంచి స్క్రీన్‌కి 10 అడుగులు పెట్టుకుంటే తిరిగొచ్చే బంతి వేగం చాలావరకూ చచ్చిపోతుంది. ఇక మీ వెనక మిగిలింది 7 అడుగులు. ఇందులోనే మీరు నిలబడాలి, క్లబ్ వెనక్కి వెళ్ళాలి, రాడార్ కొంటే అది కూడా ఇక్కడే కూర్చోవాలి.

రాడార్ రకంలో గార్మిన్ ఆర్10 బంతికి 6 నుంచి 8 అడుగుల వెనక పెట్టాలి, ముందు బంతి కనీసం 8 అడుగులు ఎగరాలి. ఫ్లైట్‌స్కోప్ మేవో ప్లస్‌కి కూడా దాదాపు ఇంతే చోటు కావాలి. రాడార్ పనిచేసే తీరే అది, ఎగిరే బంతిని కొంత దూరం చూస్తే తప్ప దానికి లెక్క కుదరదు. మీ గదిలో పడుతుంది కానీ గోడకి ఆనించి పెట్టుకోవాలి, ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుండదు. ఒక పెద్ద లాభం మాత్రం ఉంది, అది బంతి వెనక ఉంటుంది కాబట్టి కుడిచేతివాళ్ళైనా ఎడమచేతివాళ్ళైనా దానికి ఒకటే, ఇద్దరూ ఒకే చోటు నుంచి కొడితే మీ అబ్బాయి ఆడేటప్పుడు దాన్ని కదిపే పని లేదు.

స్కైట్రాక్, బుష్‌నెల్ లాంచ్ ప్రో లాంటి కెమెరా రకాలు బంతికి పక్కన, ఆటగాడికి ఎదురుగా కూర్చుంటాయి. క్లబ్ తగిలిన క్షణంలోనే ఫొటోలు తీసి స్పిన్ పట్టుకుంటాయి, వెనక చోటు అక్కర్లేదు. కానీ మీరు కొట్టాక అబ్బాయి వస్తే యూనిట్‌ని బంతికి అవతలి పక్కకి మార్చాలి, మళ్ళీ సరిచూసుకోవాలి. ఒక్కో షాట్ మార్చుకుంటూ 18 హోల్స్, అంటే ఒక పూర్తి ఆట, ఆడాలంటే ప్రాణం విసుగుతుంది.

సీలింగ్‌కి బిగించే యునీకోర్ ఐ ఎక్స్‌ఓ, ఫోర్‌సైట్ జీసీహాక్ లాంటివి రెండు చేతులవాళ్ళకీ పనికొస్తాయి, చూడ్డానికి కూడా దర్జాగా ఉంటాయి, కాకపోతే అవి 9 అడుగులు, ఆ పైన ఎత్తు కోరతాయి. మీ సీలింగ్‌కి అది ముగిసిన అధ్యాయం. అంటే లోతు తక్కువైతే కెమెరా, ఎత్తు తక్కువైతే సీలింగ్ యూనిట్ వద్దు, ఇద్దరు రెండు చేతులవాళ్ళైతే రాడార్. మీకు మూడూ ఒకేసారి వచ్చాయి, అదీ మీ అదృష్టం.

నెట్_మాస్టర్:

నెట్ కట్టుకోండి బ్రదర్. ఒక మంచి మ్యాట్, ఒక నెట్, ఫోన్ కెమెరా. స్వింగ్ బాగుపడటానికి పెద్ద స్క్రీన్ మీద పచ్చటి చెట్లు కనబడక్కర్లేదు.

రఫ్‌లో_బంతి:

నెట్ మాస్టర్ గారూ, నాకొక్కడికైతే ఇప్పుడే కట్టేసేవాణ్ణి. మా వాడికి మాత్రం చెట్లు కనబడాలి 😀

ముత్యం గారూ థాంక్స్, ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదు. డక్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. స్క్రీన్ వైపు తిరిగి నిలబడితే అది కుడి గోడ పొడవునా ఉంటుంది. తలుపు నా వెనక వస్తుంది కాబట్టి స్క్రీన్‌ని రెండో వైపుకి మార్చడం కుదరదు.

ఎడమచెయ్యి:

పుట్టుకతో ఎడమచేతివాణ్ణి, అందుకే ఆగలేక రాస్తున్నా. డక్ట్ కుడి పక్కన ఉంటే మీకు దాదాపు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే కుడిచేతివాళ్ళు స్క్రీన్ వైపు చూస్తే బంతికి ఎడమ పక్క నిలబడతారు, డక్ట్ మీకు ఎదురుగా దూరంగా ఉంటుంది. సరిగ్గా దాని పక్కన పడేది మీ అబ్బాయే. ఇప్పుడు 12 ఏళ్ళు కాబట్టి క్లబ్ చిన్నది, మనిషి చిన్నవాడు, ఏమీ తెలియదు. రెండు మూడేళ్ళలో మీ ఎత్తుకి వచ్చేస్తాడు, అప్పుడు డక్ట్ రేకు మోగుతుంది.

లెక్క చూడండి. గది మధ్యలో బంతి పెడితే కుడి గోడకి 5 అడుగుల 9 అంగుళాలు. వాడు బంతికి రెండున్నర, మూడు అడుగుల దూరంలో నిలబడితే ఒళ్ళు డక్ట్ అంచుకి దాదాపు ఒక అడుగు దూరంలోనే ఉంటుంది, బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ వీపు మీదుగా ఇంకాస్త అటే వెళ్తుంది. అందుకే ఒకటే టీ (బంతి పెట్టి కొట్టే చోటు) పెట్టొద్దు. వాడి టీని మధ్య నుంచి ఒక అడుగు ఎడమకి, మీ టీని ఒక అడుగు కుడికి జరపండి. ఇద్దరికీ వీపు వెనక ఒక్కో అడుగు కలిసొస్తుంది. బంతి స్క్రీన్ నడి మధ్యలో తగలదు, అంతే కదా, చాలా సాఫ్ట్‌వేర్లలో గురిని పక్కకి జరుపుకునే సెట్టింగ్ ఉంటుంది.

షాంక్‌ల (క్లబ్ మెడకి తగిలి పక్కకి దూసుకుపోయే బంతుల) గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే వస్తుందని భయం కాబోలు. మీ షాంక్ కుడి గోడకి పోతుంది, వాడిది ఎడమ గోడకి. కాబట్టి రెండు పక్కలా నెట్ వెయ్యండి, గోడకి ఆనించకుండా వదులుగా.

వీకెండ్_వీరుడు:

నా గది మీ గదికన్నా అర అడుగు చిన్నది, రెండో ఏడాది నడుస్తోంది. చేసిన తప్పులు మాత్రమే చెప్తాను.

స్క్రీన్‌ని డప్పులా బిగించాను, బొమ్మ ముడతలు లేకుండా భలే వచ్చింది. మొదటి రోజే 7-ఐరన్ (డ్రైవర్ కన్నా పొట్టి క్లబ్) కొడితే బంతి వచ్చిన దారినే వెనక్కి వచ్చి ముంజేతి ఎముకకి తగిలింది, వారం రోజులు నీలంగా కమిలిపోయి ఉంది. స్క్రీన్‌ని లాగిపట్టే బంగీ (సాగే) తాళ్ళు వదులు చేసి, స్క్రీన్ వెనక నాలుగంగుళాల దూరంలో ఒక మందపాటి పాత దుప్పటి వేలాడదీశాక బంతి స్క్రీన్ కిందే పడిపోతోంది. బొమ్మలో కొద్దిగా ముడతలు ఉంటాయి, ఉండనీ. ఫ్రేమ్ పైపులకి మాత్రం ఫోమ్ తప్పకుండా తొడగండి, పైపుకి తగిలిన బంతి ఎటు వస్తుందో ఎవరికీ తెలియదు.

రెండో తప్పు మ్యాట్. గచ్చు మీద పల్చటి మ్యాట్ వేసి రోజూ వంద బంతులు కొట్టాను. మూడు వారాలకి మోచెయ్యి లోపలి వైపు లాగడం మొదలైంది, కాఫీ కప్పు ఎత్తాలన్నా నొప్పే. గడ్డి మీద బంతి వెనక నేలని కొడితే క్లబ్ మట్టిలోకి దిగుతుంది, ఇక్కడ దిగడానికి ఏమీ లేదు, ఆ దెబ్బంతా చేతికి వస్తుంది. పైగా క్లబ్ జారి బంతికి తగిలేస్తుంది కాబట్టి తెరమీద మంచి షాట్ లాగే కనిపిస్తుంది. బంతి కొట్టే పట్టీ మాత్రం మెత్తగా, మందంగా ఉన్నది తీసుకోండి, నిలబడే చోటు కూడా దానికి సమానమైన ఎత్తులో ఉండాలి.

ఇక చెమ్మ. బేస్‌మెంట్ కదా, మ్యాట్ అడుగున తడి చేరి వాసన పట్టింది. ఇప్పుడు డీహ్యుమిడిఫయర్ రోజంతా నడుస్తుంది, మ్యాట్‌ని నెలకోసారి ఎత్తి నిలబెడతాను. శబ్దం సంగతి కూడా చెప్పాలి, కింద నుంచి వింటే ఏమీ అనిపించదు, పై గదిలో పడుకున్నవాళ్ళకి మాత్రం ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుందట. రాత్రి తొమ్మిది తర్వాత మా ఇంట్లో పుటింగ్ (బంతిని నేల మీద మెల్లగా దొర్లించడం) మాత్రమే.

సుత్తీ_మేకు:

ప్రొజెక్టర్ మిగిలిపోయింది. త్రో రేషియో అని రాసి ఉంటుంది చూడండి, ప్రొజెక్టర్ ఎంత దూరంలో ఉండాలో ఆ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. మీకు 10 అడుగుల వెడల్పు బొమ్మ కావాలనుకుందాం. 0.8 ఉన్నది కొంటే స్క్రీన్‌కి 8 అడుగుల్లో, అంటే బంతికి రెండే అడుగుల ముందు సీలింగ్‌కి వేలాడుతుంది. మీ ఫాలో త్రూ సరిగ్గా అక్కడే. 0.5 ఉన్నదైతే 5 అడుగుల్లో పెట్టొచ్చు, క్లబ్ అందదు, మీ నీడ కూడా తెర మీద పడదు. కాబట్టి 0.5 లాంటి షార్ట్ త్రోనే (దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే రకమే), వేరే మాట లేదు.

బొమ్మ ఆకారం కూడా చూసుకోండి. 10 అడుగుల వెడల్పుకి 16:10 పెడితే ఎత్తు ఆరుంపావు అడుగులు, 4:3 పెడితే ఏడున్నర. మీ సీలింగ్‌కి ఏడున్నర పడుతుంది కానీ కుడి పక్కన డక్ట్ 7 అడుగుల 4 అంగుళాలకే అడ్డం వస్తుంది, ఆ మూల కట్ అవుతుంది. నేనైతే 16:10 తీసుకుని పైన మిగిలిన చోట నల్ల గుడ్డ వేస్తాను.

రఫ్‌లో_బంతి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి పట్టీల పరీక్ష చేశాను, మా వాడు స్టూల్ మీద కూర్చుని అంపైర్‌లా అరిచాడు. డ్రైవర్‌తో 6 అంగుళాల పట్టీ ప్రతిసారీ కదిలింది, 4 అంగుళాలది పది స్వింగుల్లో ఒక్కసారి కూడా కదల్లేదు. 7-ఐరన్‌తో అసలు ఏదీ తగల్లేదు. అంటే బెత్తెడు కన్నా ఎక్కువే ఉన్నట్టు! రెండు టీలు పెడుతున్నా, మానిటర్ రాడార్ రకమే, గోడకి ఆనించి, ఎవరు ఆడితే వాళ్ళ టీ వెనక్కి జరుపుకుంటాను. ఫ్రేమ్‌కి పైపులు రేపు తెస్తున్నా.

వీకెండ్_వీరుడు:

ఒక్క డౌట్. పరీక్ష చేసినప్పుడు కింద ఏముంది? మ్యాట్ వేశారా?

రఫ్‌లో_బంతి:

లేదు, ఉత్త గచ్చు. మ్యాట్ ఇంకా కొనలేదు కదా. ఎందుకు?

సుత్తీ_మేకు:

మందపాటి మ్యాట్ అంటే రెండు అంగుళాలు, కాళ్ళకి షూ ఉంటే ఇంకో అంగుళం.

రఫ్‌లో_బంతి:

...చెప్పులు కూడా లేవు. పైపులు ఇప్పుడే తేవడం లేదు. సాయంత్రం చెక్క పలకలు పరిచి, షూ వేసుకుని మళ్ళీ తిప్పి చూస్తా.