సరిహద్దులో ఆఫీసర్ నమ్మకపోతే పార్లమెంటు అడుగుతుందా?

ప్రశ్న: మాంట్రియల్‌లో శరణార్థులకు ఫారాలు నింపిపెడుతుంటాను. మొన్న ఒకావిడ తడిసిన పెళ్లి సర్టిఫికెట్ తీసి, బల్ల మీద వేళ్లతో మెల్లగా సాపు చేసింది. భర్త కెనడాలోనే ఉన్నాడనడానికి అదే ఆధారం. సరిహద్దు ఆఫీసర్ దాన్ని నమ్మకపోతే, ఎందుకని అడిగేదెవరండీ?

జవాబు: కెనడా పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో ఇమిగ్రేషన్ స్థాయీ సంఘం, అంటే ఎంపీల కమిటీ, ఉందండీ. మంత్రిని పిలిచి ప్రశ్నిస్తుంది, నివేదిక ఇస్తుంది. విడి కేసులు మాత్రం మార్చలేదు. దానికి ఫెడరల్ కోర్టే దిక్కు, అదీ అనుమతిస్తేనే.

జవాబు: కెనడా, అమెరికాల మధ్య 2004 నాటి ఒప్పందం (రెండిట్లో ముందు చేరిన దేశంలోనే శరణు అడగాలనేది) 2023 మార్చి 25 నుంచి సరిహద్దు మొత్తానికీ వర్తిస్తోంది. అమెరికా నుంచి క్యూబెక్‌లోకి చాలామంది అనధికారికంగా దాటివచ్చిన రాక్స్‌హామ్ రోడ్ దారి అలాగే మూసుకుపోయింది. దొంగదారిన వచ్చినా, 14 రోజుల్లోపు శరణు అడిగితే అమెరికాకు వెనక్కే. దగ్గరి బంధువులుంటే మినహాయింపు ఉంది, కానీ రుజువు చూపాల్సింది వచ్చినవాళ్లే. ఆవిడ కాగితం కాపీలు ఈరోజే తీయించండి.

ప్రశ్న అడిగినవారు: తీయించానండీ. ఎంపీకి కూడా రాస్తున్నాను: రుజువు చాలదని ఎంతమందిని తిప్పి పంపారో సంఘం లెక్క అడగాలని.