చర్చ: జూనియర్ ఆర్చర్‌కి 700 టార్గెట్ పెట్టాలా, వద్దా?

పటమట విలుకాడు:
కాంపౌండ్‌లో (చక్రాలున్న విల్లు) 50 మీటర్లకి 720కి 680 దగ్గర ఆగిపోయిన పిల్లలకి చాలాచోట్ల "సెలక్షన్స్‌కి 700" అని గోడ మీద రాసేస్తున్నారు. వద్దంటాను. 72 బాణాల్లో 20 పాయింట్లకు మించి పోకూడదని తెలిసిన పిల్ల, మొదటి మూడు ఎండ్లలోనే (ఎండ్ అంటే ఆరు బాణాల విడత) ఎనిమిది పోగొట్టుకుంటే మిగతా తొమ్మిది ఎండ్లూ కూడికలూ తీసివేతలే. ఆ తొందరలో సైట్ (గురి చూసే పరికరం) పది వలయంలోకి రాగానే రిలీజ్ (తాడు వదిలే మీట) నొక్కేస్తుంది. అది అలవాటైతే టార్గెట్ పానిక్, అంటే గురి నిలవకముందే చెయ్యి తొందరపడే జబ్బు. ఫేస్ (వలయాల కాగితం) లేని ఖాళీ బట్‌కి (బాణాలు గుచ్చుకునే దిమ్మ) మూడు నాలుగు మీటర్ల నుంచి కొట్టిస్తూ మళ్లీ మొదటికి రావాల్సిందే.

బ్రాడీపేట కోచ్:
ఒప్పుకోనండీ. సెలక్షన్లో చూసేది స్కోరే. తప్పు నంబరుది కాదు, విడగొట్టకుండా ఇవ్వడంలో ఉంది. 680 నుంచి 692 అంటే 12 పాయింట్లు, ఎండ్‌కి ఒక్కటి. అది ఎక్కడ పోతోందో వెతకండి. నోటుబుక్‌లో ఫేస్ బొమ్మ గీయించి, ప్రతి బాణానికీ చుక్క పెట్టించండి. చుక్కలన్నీ దగ్గరగా ఉండి పక్కకి జరిగితే సైట్ తిప్పితే సరిపోతుంది. నాలుగు ఒకచోట, రెండు దూరంగా ఉంటే ఆ రెండింటినీ వదిలిన తీరు చూడాలి. నిలువుగా సాగితే, పూర్తిగా వెనక్కి లాగి పట్టుకోవడంలో ఒక్కోసారి ఒక్కోలా ఉందన్నమాట.

పటమట విలుకాడు:
చుక్కల పద్ధతి బంగారం, కాదనను. కానీ కృష్ణ వైపు నుంచి గాలి లేచిన సాయంత్రం అదే పిల్ల అంతే బాగా కొట్టినా స్కోరు పడిపోతుంది. నంబరొక్కటే కొలబద్ద అయితే ఆ రోజు ఆమె ఓడినట్టే కదా? అందుకే టిక్కులు పెట్టించాలి: యాంకర్ (లాగిన చెయ్యి దవడ దగ్గర ఆనే చోటు) కుదిరిందా, వెన్నుతో లాగుతూ వదిలిందా, విల్లు చెయ్యి కదలకుండా నిలిచిందా. మూడూ ఉంటేనే టిక్కు. అదీ బాణం ఎక్కడ పడిందో స్కోప్‌లో (దుర్బిణి) చూడకముందే పెట్టాలి. చూశాక పెడితే పది పడిన ప్రతి బాణానికీ టిక్కు పడుతుంది. ముందు 72లో 50 టిక్కులు, నిలబడ్డాక 55.

గుణదల అమ్మ:
సార్, మా ఊరి జ్యోతి సురేఖ గారు 2023 ఆసియా క్రీడల ఫైనల్లో 15 బాణాలకి 149 కొట్టారని పిల్లలు అదే రాసుకుంటున్నారు. చెరిపేయమంటారా?

బ్రాడీపేట కోచ్:
ఉంచండమ్మా, అది ఆశ. టార్గెట్ మాత్రం వేరేగా కట్టాలి. ఈమధ్య కొట్టిన పది పూర్తి రౌండ్లు తీసి, ఎక్కువ తక్కువల వరుసలో పెట్టి, మధ్యలో ఉన్న రెండు స్కోర్ల సగటుకి నాలుగు కలపండి. వరుసగా మూడుసార్లు దాటితేనే పెంచండి. గాలి రోజులకి వేరే పేజీ పెట్టండి, ఆ మాటలో పటమట గారితో నాకు పేచీ లేదు.

పటమట విలుకాడు:
సాధన రోజుల వరకు సరే. పోటీ రోజు మాత్రం నంబరు వద్దనే అంటాను. ఆరు బాణాలకి ఇచ్చేది కొద్ది నిమిషాలే, ఆ టైములో ఒక్క పని మాత్రమే గుర్తుండాలి, "వెన్నుతో లాగు" లాంటిది. ఇంకో మాటమ్మా, 36 బాణాలయ్యాక విరామంలో "ఎంతొచ్చింది?" అని అడక్కండి. మంచినీళ్లిచ్చి నీడలో కూర్చోబెట్టండి.