పాత విండ్‌సర్ఫింగ్ సెయిల్ మూడో రోజుకే పగిలింది, తప్పు సరుకుదా నాదా?

మైపాడు_గాలి:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. డిసెంబర్‌లో చెన్నై వైపు ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో విండ్‌సర్ఫింగ్ (నిలబడే బోర్డుకి తెరచాప కట్టి గాలితో నడిపే ఆట) సెట్టు కొన్నా, బోర్డు, మాస్ట్ (తెరచాపని నిలబెట్టే కర్ర), బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకర్ర), 5.8 చదరపు మీటర్ల సెయిల్, అంటే తెరచాప, అన్నీ కలిపి. పేరున్న కంపెనీ సెయిలే. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది, కుట్లు గట్టిగా ఉన్నాయి, ఎక్కడా అతుకు లేదు. పదిసార్లు కూడా నీళ్ళలో దింపలేదన్నాడు.

మైపాడు బీచ్‌లో రెండు ఆదివారాలు బాగానే తిరిగా. తిరిగానంటే ఎక్కువసేపు పడ్డానని అర్థం. మూడో ఆదివారం మధ్యాహ్నం గాలి కాస్త గట్టిగా తగిలింది, నేను ముందుకు ఎగిరి సెయిల్ మీద పడ్డా, మోకాలు తగిలినచోట టప్‌మని శబ్దం వచ్చింది. లేచి చూస్తే మధ్యలో అద్దంలా ఉండే ముక్క ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా పోయింది. చిరిగినట్టు లేదు, అప్పడం విరిగినట్టు విరిగింది. చిన్న పెంకు ఒకటి చేతిలోకే వచ్చింది.

ఇది డూప్లికేట్ సరుకా? నేను అట్టా పడటం వల్లనా? అసలు ఒక సెయిల్ ఎన్నేళ్ళు రావాలి? టేపు వేసి లాగించవచ్చా, లేక పారేయాలా? కొత్త సెయిల్ రేటు చూస్తే నేను మొత్తం సెట్టుకి పెట్టిన డబ్బుకి దగ్గరగా ఉంది, అందుకే ఈ టెన్షన్.

కొత్తపట్నం_బాబాయ్:

తమ్ముడూ, నీ మోకాలిదీ తప్పు కాదు, కుట్టినవాడిదీ కాదు. ఎండది.

నువ్వు అద్దం ముక్క అంటున్నది మోనోఫిల్మ్. పాలిస్టర్‌ని పలచగా సాగదీసి చేసిన రేకు, మనం తాగి పారేసే నీళ్ళ బాటిల్ జాతే. మందం 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, జిరాక్స్ కాగితం సుమారు 0.1 ఉంటుంది, అంతకంటే ఓ పిసరు ఎక్కువ. అంత పలచటిదాన్ని ఎందుకు పెడతారంటే అది సాగదు. గుడ్డ సెయిల్ అయితే గాలి పెరిగేకొద్దీ సాగి, దాని పొట్ట, అంటే గాలికి ఉబ్బే వంపు, వెనక్కి జరుగుతుంది, చేతులు పీకేస్తాయి. మోనోఫిల్మ్‌లో పొట్ట ఎక్కడ కుదిర్చారో అక్కడే ఉంటుంది. కానీ ఒక గాటు పడిందా, దాన్ని ఆపేది లోపల ఏమీ లేదు, కుట్టు అడ్డం వచ్చేదాకా పోతూనే ఉంటుంది. దానికి తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పాలిస్టర్‌ని లోపల్లోపలే తెంపుతూ వస్తాయి, మెత్తగా వంగాల్సింది పెళుసుగా తయారవుతుంది. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. నువ్వు మోసపోయింది అక్కడే.

పదిసార్లు కూడా దింపలేదన్న మాట అబద్ధం కాకపోవచ్చు. ఒడ్డున ఎన్ని గంటలు పడుకుందో అడిగావా? నేను గల్ఫ్‌లో పనిచేసేటప్పుడు నేర్చుకున్నా, మా బ్యాచ్ అంతా పొద్దున్నే వచ్చి సెయిల్ బిగించి ఇసుక మీద పెట్టి గాలి కోసం కూర్చునేవాళ్ళం. గాలి రెండింటికి వచ్చేది. రెండు గంటలు నీళ్ళలో, ఐదు గంటలు ఎండలో. ఆ పైన టీ తాగుతూ ఇంకో గంట. నా మొదటి సెయిల్ అట్టాగే పోయింది, అదీ నేను ముట్టుకోకుండానే, చుడుతుంటే విరిగింది. అందుకని ఎన్నేళ్ళు వస్తుంది అనే ప్రశ్నకి అర్థం లేదు, ఎన్ని ఎండలు చూసింది అని అడగాలి. గాలి వచ్చాకే బిగించు. బయటికి రాగానే డౌన్‌హాల్ తాడు (సెయిల్‌ని మాస్ట్ వెంట కిందికి లాగి బిగించేది) వదులు చెయ్యి, మంచినీళ్ళతో కడుగు, నీడలో ఆరబెట్టు, మడత పెట్టకుండా చాపలా చుట్టు. ఉప్పు పాలిస్టర్‌ని తినదు గానీ ఎండితే గరుకు కాగితంలా గీస్తుంది. ఇంకో మాట, మే నెలలో కారు డిక్కీలో వదిలేయకు, ఆ వేడికి పొరల మధ్య జిగురు ఊడుతుంది.

పొరలంటే, ఎక్స్‌ప్లై అని ఇంకో రకం ఉంది. రెండు పలచటి ఫిల్ముల మధ్య గళ్ళ వలలాగా దారాలు పెట్టి అతికిస్తారు. చిరుగు దారం దగ్గరికొచ్చి ఆగుతుంది, నువ్వు ఒడ్డుకి చేరతావు. అలల్లో వాడే సెయిల్స్‌కి దాదాపు అంతా అదే వేస్తారు. బరువు కాస్త ఎక్కువ. అదీ ఎండకి పోయేదే, కాకపోతే ఇట్టా పెంకులైపోదు.

కొనేముందు ఒక పరీక్ష ఉంది. అద్దం ముక్క మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాలి. మంచిదైతే వంగి మళ్ళీ లేస్తుంది. పాతదైతే చిటపటమంటుంది, లేదంటే సన్న గీతలు పడతాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పాలు కలిపినట్టు తెల్లగానో పచ్చగానో కనపడుతుంది. అమ్మేవాడు నొక్కొద్దు అన్నాడంటే అక్కడికే అర్థమైపోవాలి. నీ సెయిల్‌లో మిగిలిన ముక్కల మీద చేసి చెప్పు.

రొయ్యల_గుంట:

నాకు ఈ ఆట తెలవదు, జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలు చేస్తా. కానీ బాబాయ్ చెప్పింది చదవంగానే మా మేత షెడ్డు పట్ట గుర్తొచ్చింది. నీలం పట్ట కప్పితే ఒక్క ఎండాకాలం, తర్వాత చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. గుంటలో పరిచే నల్ల షీటు మటుకు ఏళ్ళ తరబడి ఎండలో పడుండాది, ఏం కాదు. అమ్మేవాళ్ళు చెప్పేదేమంటే దాంట్లో 2 నుంచి 3 శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారంట, ఆ నలుపే ఎండని తాగేసి లోపలికి పోనియ్యదంట. మరి మీ సెయిల్స్ నల్లగా ఎందుకు చెయ్యరు?

మా తాత నూలు వలలకి చెక్క కషాయం పట్టించి, అదే కుండలో పడవ చాప కూడా ముంచేవాడు. ఎర్రమట్టి రంగులో ఉండేది, దగ్గరికి పోతే వగరు వాసన. చిరిగితే అమ్మమ్మ పాత చీర ముక్క వేసి కుట్టేది. వాళ్ళెవరూ దాన్ని ఎండలో పరిచి వదిలేయడం నేను చూడలేదు, పని కాంగానే చుట్టి తాటాకుల కిందికి తోసేవాళ్ళు.

అబ్బయ్యా, నీ సెయిల్ కంటే నాకు నీ సంగతి భయంగా ఉండాది. జూన్, జులైలో మనకి పడమటి గాలి కొడతాది, అంటే నేల మీద నుంచి సముద్రంలోకి. అప్పుడు లోపల నీ చాప పగిలితే ఒడ్డుకి రావు, ఇంకా లోపలికే పోతావు. ఆ గాలికి ఇంజను ఆగిన ఫైబర్ బోటునే తాడేసి లాక్కొచ్చాం. కరెక్టుగా తూర్పు గాలి తిరిగినాకే దిగు, ఒడ్డున బోటువాళ్ళకి చెప్పి దిగు.

కొత్తపట్నం_బాబాయ్:

నల్లగా చేస్తే అవతల ఏముందో కనపడదు కదా అన్నా, ఆ అద్దం పెట్టేదే ఎదురుగా ఈదేవాళ్ళూ పడవలూ కనపడటానికి. కనపడాల్సిన పని లేని చోట రంగు ఫిల్ము వేసేవాళ్ళు ఉన్నారు. పడమటి గాలి మాట నేను రాయాల్సింది, మర్చిపోయా. నూటికి నూరు పాళ్ళు నిజం.

సూళ్లూరుపేట_సెయిలర్:

అంతా ఎండ మీదకే తోసేయకండి. మాస్ట్ సంగతి ఎవరూ అడగలేదు. సెయిల్ కింది మూల దగ్గర అంకెలు అచ్చేసి ఉంటాయి, లఫ్ (మాస్ట్ వైపు అంచు పొడవు) ఎంత, బూమ్ ఎంత, ఏ మాస్ట్ వాడాలి అని. 5.8కి మామూలుగా 430 సెంటీమీటర్ల మాస్ట్, దాని గట్టిదనం అంకె 21. దానికి 460 మాస్ట్ వేశావనుకో, అది 25, అంత వంగదు. మాస్ట్ వంపూ సెయిల్ అంచు వంపూ కలవకపోతే లాగుడు అంతా ఒకటి రెండు చోట్లకే చేరుతుంది, మిగతాది వదులుగా ఉండి గాలికి పటపటా కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం చాలు మోనోఫిల్మ్‌ని చంపడానికి. కొత్తవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు, డౌన్‌హాల్ సరిపడా లాగరు, సెయిల్ చిరుగుతుందేమోనని భయం. పైన వెనక అంచు వదులుగా వేలాడేదాకా లాగాలి. చూడ్డానికి ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది, అదే కరెక్టు.

మైపాడు_గాలి:

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం డాబా మీద పరిచి చూశా.

సెయిల్ మీద 430 అని ఉంది. నా మాస్ట్ 460. కొన్నప్పుడు ఆయన "ఏదైనా సరిపోతుంది" అన్నాడు, పైన ఓ జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అదే స్టైల్ అనుకున్నా. నవ్వుకోండి.

ఇక బొటనవేలి పరీక్ష. పగిలినదాని పై ముక్క మీద నొక్కా. వేలు అవతలికి వెళ్ళిపోయింది. దాని పైది చిటపటమంది, నొక్కినచోట సాలెగూడులా గీతలు పడ్డాయి. కింద కాళ్ళ దగ్గర గళ్ళ దారాలున్న భాగం మాత్రం గట్టిగానే ఉంది, మాస్ట్ దూరే గుడ్డ గొట్టం కూడా బాగుంది. పగిలిన రెండు ముక్కలూ మార్పిస్తే? మాకు తెలిసినతను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో టాపులు కుడతాడు, మందం రెక్సిన్ కుట్టే మిషన్ ఉంది అతని దగ్గర.

సూదీదారం:

ఆటో టాపులు కుట్టే ఇంట్లోనే పుట్టా కాబట్టి చెబుతున్నా, మిషన్ కుడుతుంది, సమస్య అది కాదు. ఫిల్ము మీద కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు చుట్టూ చిల్లుల్లాగా అవుతుంది, ఆ గీత వెంటే తెగుతుంది. దూరం దూరంగా జిగ్‌జాగ్ వేయాలి, కింద ముందు రెండువైపులా అంటుకునే టేపు పెట్టాలి. దారం పాలిస్టరే, నైలాన్ ఎండకి ఇంకా ముందు పోతుంది. ఇదంతా చేసినా, సెయిల్ ముక్కల అంచులు తిన్నగా ఉండవు. ఒక్కో అంచు సన్నగా వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపుల్ని కలిపి కుడితేనే పొట్ట వస్తుంది, జాకెట్‌కి డాట్లు పెట్టినట్టు. పాత ముక్కని విప్పి, పరిచి, గీసుకుని కోస్తేనే కుదురుతుంది. నీది విప్పితే పెంకులొస్తాయి, దేన్ని గీస్తావు?

చిన్న గాటు అయితే టేపు పనిచేస్తుంది. మంచినీళ్ళతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, సెయిల్ రిపేర్ టేపు మూలలు గుండ్రంగా కోసి రెండువైపులా అంటించాలి. మూల కోసుగా ఉంటే ముందు అక్కడే లేస్తుంది. పార్సిళ్ళకి వేసే టేపు వద్దు, జిగురు కారిపోతుంది. పెళుసెక్కిన ఫిల్ముకి ఇదేదీ పనికిరాదు, టేపు అంచు వెంటే మళ్ళీ పగులుతుంది.

కొత్తపట్నం_బాబాయ్:

ఇక దాని మీద రూపాయి పెట్టకు తమ్ముడూ. నేర్చుకునేవాడివి, రోజుకి ఇరవైసార్లు పడతావు, నీకు డాక్రాన్ సెయిల్ చాలు. నేసిన పాలిస్టర్ గుడ్డ, నేర్పించే స్కూళ్ళలో ఎక్కువగా అదే వాడతారు. సాగుతుంది, నిజమే, కానీ నీ స్పీడుకి ఆ తేడా నీకు తెలియదు. మోకాలు పడ్డా ఏమీ కాదు. తర్వాత ఎప్పుడైనా ఎక్స్‌ప్లై చూసుకో.

మైపాడు_గాలి:

సరే బాబాయ్. నాలుగున్నర చదరపు మీటర్ల డాక్రాన్ ఒకటి కనపడింది, వచ్చే వారం వెళ్ళి చూస్తా, ఈసారి బొటనవేలు రెడీ. పాతదాన్ని పారేద్దామంటే అమ్మ ఆ కింది ముక్క కోసివ్వమంది, వడియాలు పెట్టుకోవడానికి.

సూళ్లూరుపేట_సెయిలర్:

ఆ 460 మాస్ట్ అమ్ముతావా? నా 6.5 సెయిల్‌కి అదే కావాలి. మాస్ట్ రెండు ముక్కలు కలిసేచోట ఇసుక ఇరుక్కుపోయి ఉందేమో ముందు చూసి చెప్పు.